అమ్మమ్మ ఫోన్‌కి 'ఆయుష్మాన్ కార్డు' ఫైల్ వచ్చిందా? ఓటీపీ చెప్పకపోయినా డబ్బు పోవచ్చు!

70 ఏళ్లు దాటిన వాళ్లకు, ఆదాయం ఎంతన్నది చూడకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ 29న మొదలైంది. స్కీమ్ నిజమైనదే. మోసగాళ్లకు కలిసొచ్చింది కూడా అదే. "మీ కార్డు రెడీ, ఈ యాప్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపితే, పెద్దవాళ్లకు అనుమానం ఎందుకొస్తుంది?

"ఓటీపీ ఎవరికీ చెప్పకు తాతయ్యా" అని మనం వంద సార్లు చెప్పే ఉంటాం. ఇక్కడ అసలు ఎవరూ అడగరు. యాప్ తెరవగానే ఎస్ఎంఎస్ పర్మిషన్ అడుగుతుంది. 'అలో' నొక్కితే ఫోన్‌కి వచ్చే ప్రతి మెసేజ్‌నీ ఆ యాప్ చదివి అవతలివాడికి పంపగలదు. తర్వాత ఒక ఫారం. అందులో ఆధార్ నంబర్, పుట్టిన తేదీ, "ఫీజు 10 రూపాయలే" అంటూ కార్డు వివరాలు. ఇక ఓటీపీ చెప్పాల్సిన పనేముంది?

యాక్సెసిబిలిటీ పర్మిషన్ కూడా ఇస్తే ఇంకా డేంజర్, స్క్రీన్ మొత్తం వాళ్ల చేతిలోకి పోతుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేలకు ఇది నేరుగా దొరకదు. అందుకే ఫోన్ చేసి మరీ "సెట్టింగ్స్‌లో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అలో చేయండి అమ్మా" అని దగ్గరుండి చేయిస్తారు. ఆ మాట వినిపిస్తే కాల్ కట్ చేయమని ఇంట్లో చెప్పండి.

మీరు చేయాల్సింది రెండు నిమిషాల పని. వాళ్ల ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతకండి (బ్రాండ్‌ని బట్టి చోటు మారుతుంది). వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్‌కి అది ఆఫ్‌లో ఉండాలి. ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉండాలి. నా లెక్కలో ఏ యాంటీవైరస్ యాప్ కన్నా ఇదే మేలు.

కార్డు నిజంగా కావాలంటే? ప్లే స్టోర్‌లో నేషనల్ హెల్త్ అథారిటీ వారి ఆయుష్మాన్ యాప్‌తో మీరే పక్కన కూర్చుని చేసిపెట్టండి. పైసా ఫీజు లేదు. అక్కడా ఆధార్ ఓటీపీ వస్తుంది, కంగారు పడొద్దు. డౌట్ ఉంటే 14555కి కాల్ చేయొచ్చు.

జిరాక్స్ షాపులో ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. బయోమెట్రిక్ లాక్ కూడా మంచిదే, కానీ వేలిముద్రతో పింఛను తీసుకునేవాళ్లయితే ఆ రోజు అన్‌లాక్ చేయడం మర్చిపోకండి, లేకపోతే తిట్లు మీకే!

ఇప్పటికే ఇన్‌స్టాల్ అయిపోయిందా? ముందు ఏరోప్లేన్ మోడ్. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా బ్లాక్ చేయించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయండి. డబ్బు మరో ఖాతాకు మారకముందే ఆపగలిగితేనే వెనక్కి వచ్చే ఛాన్స్. యాప్ తీసేయడం, ఫోన్ రీసెట్ చేయడం ఆ తర్వాతే.