ఒళ్లు పట్టే చేతులు పదిలం!

*ఎదుటివాళ్ల నొప్పులు తీయడమే వాళ్ల వృత్తి. ఆ చేతులకే నొప్పి మొదలైతే?*

నడుం పట్టేసిందంటే ఫిజియోథెరపిస్టు కావాలి. మోకాళ్లు సలుపుతుంటే నూనె మర్దన చేసేవాళ్లు కావాలి. పక్షవాతంతో మంచానపడ్డ పెద్దాయన్ని పక్కకు తిప్పడానికి అటెండర్ కావాలి. నొప్పి తగ్గాక 'మంచి హస్తవాసి' అని మెచ్చుకుంటారు కూడా. ఆ హస్తం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. చాలాసార్లు దాని సొంతదారుకే పట్టదు. ఒళ్లు పట్టి బతికేవాళ్లకు చేతులే పెట్టుబడి. మానేస్తే ఆ రోజు సంపాదన పోయినట్టే. అందుకే నొప్పెట్టినా ఇంత బామ్ రాసుకుని పనిలోకి దిగిపోతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు బొటనవేలు

మర్దన చేసేవాళ్లలో తొందరగా అలిసిపోయేది బొటనవేలు. దాని కొసతో 1 కిలో బలం పెట్టి దేన్నయినా ఒడిసిపడితే, మణికట్టు దగ్గరున్న ఆ వేలి మొదటి కీలు మీద పడే భారం సుమారు 12 కిలోలని వైద్యుల లెక్క. కండరాల ముడులు విప్పడానికి రోజంతా అదే వేలితో నొక్కుతుంటే కీలు ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? తాళంచెవి తిప్పినా, సీసా మూత తీసినా కలుక్కుమంటుంటే అది తొలి హెచ్చరిక. బొటనవేలి పక్కన మణికట్టులో స్నాయువుల తొడుగు వాచే జబ్బు ఇంకొకటుంది. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వెన్ 1895లో దీన్ని వివరించడంతో ఆయన పేరే స్థిరపడింది. పసిబిడ్డను పదేపదే ఎత్తుకునే తల్లులకూ ఇది వస్తుంటుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కి నిద్ర చెడగొడుతుంటే మాత్రం మణికట్టులో నరం నలుగుతోందేమోనని అనుమానించాలి.

బలం కాళ్లది, చెయ్యి ఆసరా

అనుభవమున్నవాళ్లు చేతులతో తోయరు, ఒంటి బరువును ముందుకు వాలుస్తారు. ఒక కాలు ముందుకేసి, మోకాళ్లు కాస్త వంచి, వెన్ను నిటారుగా ఉంచితే సగం శ్రమ కాళ్లే మోస్తాయి. వీపు, తొడల్లాంటి పెద్ద కండరాలకు ముంజేయి, పిడికిలి, మోచేయి సరిపోతాయి. బొటనవేలిని చిన్నచిన్న చోట్లకు దాచుకోవాలి. అప్పుడు కూడా రెండోచేతి వేళ్లను దానికి ఆసరాగా పెట్టాలి. ఈ కిటుకు కేరళ వాళ్లకు ఎప్పుడో తెలుసు. 'చవిట్టి ఉళిచ్చిల్' అనే మర్దనలో పైన కట్టిన తాడు పట్టుకుని పాదాలతోనే ఒళ్లంతా రుద్దుతారు. అభ్యంగనానికి చాలాచోట్ల చెరోవైపు ఇద్దరు నిలబడతారు. చూసేవాళ్లకు అదో వైభోగంలా కనిపిస్తుందిగానీ, చేసేవాళ్లకు సగం బరువు తగ్గే ఏర్పాటది.

బల్ల ఎత్తు కూడా ముఖ్యమే. పక్కన నిలబడి చేతులు కిందికి వదిలేసి పిడికిలి బిగిస్తే కణుపులు బల్లకు తగలాలి. లావుపాటి మనిషైతే బల్ల ఇంకాస్త కిందికి ఉండాలి. ఎత్తు మార్చలేని చెక్కబల్లయితే పొట్టివాళ్లు కాళ్లకింద కదలని పీట వేసుకోవచ్చు. గట్టిగా నొక్కించుకునేవాళ్లను వరసగా ఒకరి తర్వాత ఒకరిని పెట్టుకోకూడదు. మధ్యమధ్య ఓ పది నిమిషాల విరామం తప్పనిసరి. రోజంతా వేళ్లు ముడుచుకునే ఉంటాయి కాబట్టి, ఐదు వేళ్ల చుట్టూ రబ్బరుబ్యాండు వేసి మెల్లగా విప్పారుస్తుండాలి. టీ చల్లారేలోపు అయిపోయే పని ఇది.

పసిపిల్లలకు నూనె రాసి నీళ్లు పోసే అవ్వలకూ నడుంనొప్పి తెలియంది కాదు. కాళ్లు చాపుకుని, కాళ్లమీద బిడ్డను పడుకోబెట్టుకుని వంగే ఉంటారు మరి. నూనె రాసేంతసేపైనా గోడకు ఆనుకుంటే కొంత నయం.

నర్సులకు, అటెండర్లకు అసలు గండం ఎత్తడం, దించడంలో ఉంది. 'నేనొక్కదాన్నే చూసుకుంటాలే' అనే మాటే నడుం విరగ్గొడుతుంది. రోగి కింద మడత దుప్పటి వేసి, చెరోవైపు ఇద్దరు పట్టుకుని జరపాలి. డ్యూటీలో తీరిక లేదని నీళ్లు మానేయడం, మూత్రం ఆపుకోవడం మరో చెడ్డ అలవాటు. మాటిమాటికీ కడిగే చేతులు పగిలితే ఆ పగుళ్లు సూక్ష్మక్రిములకు దారవుతాయి. వేడినీళ్లు కాకుండా మామూలు నీళ్లతో కడుక్కుని, తడి అద్దుకుని, క్రీమ్ రాసుకోవాలి.

మనసూ అరుగుతుంది

ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్లు ఉత్సాహం ఉడిగిపోయి నీరసపడటం గమనించి, అమెరికన్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దానికి 'బర్నవుట్' అని పేరుపెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాక, పనివల్ల తలెత్తే స్థితిగా పేర్కొంది. బెల్ మోగితే చాలు విసుగు, రోగి పేరు పోయి మంచం నంబరే మిగలడం... ఇవన్నీ దాని జాడలే. యూనిఫామ్ విప్పి, ముఖం కడుక్కుని, పది నిమిషాలు ఊరికే కూర్చున్నాకే ఇంటిపనిలో పడితే అక్కడి బరువు ఇంట్లోకి రాదు. తోటివాళ్లతో చెప్పుకోవడం ఇంకా మంచిది. మర్దన గదిలో ఎవరైనా వెకిలిగా ప్రవర్తిస్తే, డబ్బిచ్చారు కదా అని ఓర్చుకోనక్కర్లేదు. పని ఆపేసి బయటికొచ్చేయొచ్చు. యజమాని కూడా వాళ్ల పక్షానే నిలబడాలి.

ఇంట్లో రాత్రీపగలూ ఉండే అటెండర్ విషయంలో కుటుంబం చేతిలోనూ చాలా ఉంది. రాత్రి నాలుగుసార్లు లేచిన మనిషిని పగలు కాసేపు పడుకోనివ్వాలి. వారానికో సెలవు ఇవ్వాలి. ఆ రోజు పెద్దాయన్ని తిప్పడానికి ఇంట్లో ఇద్దరు ముందుగానే నేర్చుకుని ఉంటే, సెలవిచ్చేటప్పుడు ఎవరి ముఖమూ మాడదు.