రైతుబిడ్డయు పెట్టుబడి బ్యాంకు కొలువును

విత్తనము మంచిదైనంత మాత్రమున పంట చేతికి రాదు. నేల, నీరు, అదను కూడవలెను. చదువును అట్టిదే. మంఖాల్ మొదలగు గ్రామములలో ఇంటర్మీడియేటు ముగించి విశ్వవిద్యాలయమునకు పోవ సిద్ధపడు బిడ్డలు పలువురు కలరు. వారిలో కొందఱు ఇన్వెస్ట్‌మెంటు బ్యాంకింగు, అనగా పెట్టుబడి బ్యాంకు కొలువును కోరుచున్నారు. జీతము లక్షలలో నుండునని విని తల్లిదండ్రులు సంతసించుట సహజము. కాని అది యెట్టి పనియో, ఏ త్రోవను చేరవలెనో తెలియకయే, విమానాశ్రయము వచ్చిన పిమ్మట వెల పెరిగిన భూమిని అమ్మియైనను చదివింతమని తొందరపడుట తగదు. చేయి దాటిన భూమి మరల రాదు. కావున ఈ పనిని గూర్చియు, దాని త్రోవలను గూర్చియు, అగు ఖర్చును గూర్చియు సభ్యులకు విన్నవించుచున్నాము.

ఆ పని యెట్టిది?

మన పరపతి సంఘము చేయు పని అందఱికిని తెలిసినదే. సభ్యుల డిపాజిట్లు పుచ్చుకొని, అక్కఱ గల సభ్యునకు అప్పిచ్చి, వడ్డీతో రాబట్టుకొనును. పట్టణములోని వాణిజ్య బ్యాంకు పనియు ఇట్టిదే. పెట్టుబడి బ్యాంకు పని వేఱు. ధనము కావలసిన కంపెనీకిని ధనము గలవారికిని నడుమ నిలిచి, ఆ కంపెనీ వెల యెంతయో లెక్కించి, వాటాలుగానో ఋణపత్రములుగానో అమ్మించి పెట్టుట దాని ముఖ్య వ్యాపారము. ఒక కంపెనీని మఱియొక కంపెనీ కొనునపుడు కొనువారికో అమ్మువారికో సలహా చెప్పుటయు దాని పనియే. ఇందులకై రుసుము పుచ్చుకొనును. మన దేశపు చట్టములో వీరిని మర్చంటు బ్యాంకరులందురు. వీరు 1992వ సంవత్సరపు నిబంధనల ప్రకారము సెబీ వద్ద నమోదు కావలెను.

దీని మర్మము రైతునకు క్రొత్త కాదు. మామిడితోటను పూత మీద గుత్తకు తీసికొను వర్తకుడు ఏమి చేయును? చెట్లు లెక్కించును, పూత చూచును, గాలిదుమారమునకు రాలునది ఎంత, వడగండ్లకు పోవునది ఎంత, కోతకు కూలి ఎంత, అంగడిలో ధర ఎంత అని యోచించును. కొన్ని నెలల పిమ్మట రాబోవు పంటకు నేడే సొమ్మియ్యవలెను గనుక వడ్డీ తగ్గించుకొని వెల చెప్పును. పెట్టుబడి బ్యాంకులో క్రొత్తగా చేరిన యువకుడు చేయునదియు ఇదియే. తోటకు మారు కంపెనీ, వేలికి మారు గణకయంత్రము.

మన యెదుటనే యున్న నిదర్శనము చూడుడు. నగరము చుట్టు 158 కిలోమీటర్ల ఔటరు రింగు రోడ్డు తుక్కుగూడ మీదుగా పోవుచున్నది. దానిపై సుంకము వసూలు చేయు హక్కును తెలంగాణ ప్రభుత్వము 2023లో 30 సంవత్సరములకు ఐ.ఆర్.బి. అను సంస్థకు 7,380 కోట్ల రూపాయలకు గుత్త కిచ్చెను. ముప్పది యేండ్ల సుంకమునకు నేటి వెల కట్టుట యెట్లు? నూటికి 10 వడ్డీ లెక్కన, ఏడాది పిమ్మట రాబోవు 100 రూపాయలకు నేటి వెల 90 రూపాయల 91 పైసలు. ముప్పది యేండ్ల పిమ్మట వచ్చు 100 రూపాయలకు నేటి వెల 5 రూపాయల 73 పైసలు మాత్రమే. ప్రతి సంవత్సరపు రాబడిని ఇట్లు తగ్గించి కూడిన మొత్తమే హక్కు వెల. ఈ లెక్క తెలిసినవానికి ఈ వృత్తి యొక్క మొదటి మెట్టు తెలిసినట్లే.

శంషాబాదు విమానాశ్రయమును అట్టిదే. 2008 మార్చిలో తెఱవబడిన ఈ విమానాశ్రయమునందు ప్రారంభమున నూటికి 63 పాళ్లు గ్రంథి మల్లికార్జునరావుగారి జి.ఎం.ఆర్. సంస్థవి, 11 పాళ్లు మలేసియా సంస్థవి. కేంద్రమునకును రాష్ట్రమునకును చెఱి 13 పాళ్లు. ఆ విమానాశ్రయపు కంపెనీ 2017లో విదేశములందు 35 కోట్ల డాలర్ల ఋణపత్రములను పది సంవత్సరముల గడువుపై అమ్మెను. ఏ దేశముననో కూర్చున్న మదుపుదారుడు మన యూరి ప్రక్కనున్న విమానములబాటను నమ్మి అప్పియ్యవలెనన్న, దాని రాకపోకలను, రాబడిని, అప్పును వివరించి నమ్మించువారు నడుమ నుండవలెను. ఆ నడిమివారే పెట్టుబడి బ్యాంకులు.

ఈ వ్యాపారము పుట్టిన చోటు

ఈ బ్యాంకులు సేద్యముతో సంబంధము లేక పుట్టినవి కావు. జర్మనీ నుండి అమెరికాకు వలసపోయిన లేమన్ సోదరులు అలబామా రాష్ట్రములో బట్టల అంగడి పెట్టుకొని, సొమ్మునకు బదులు పత్తి పుచ్చుకొనుచు, 1850లో లేమన్ బ్రదర్స్ అను పేర వ్యాపారము సాగించిరి. ఆ పత్తి బానిసల చెమటతో పండినదను మాట మఱవరాదు. మార్కస్ గోల్డ్‌మన్ 1869లో న్యూయార్కులో వర్తకుల ప్రామిసరీ నోట్లను తగ్గింపుపై కొని అమ్ముచు గోల్డ్‌మన్ సాక్స్ సంస్థకు పునాది వేసెను. మన హుండీ వ్యాపారమునకు అది దూరపు చుట్టమే. లేమన్ సంస్థ గృహఋణములపై మితిమీరిన అప్పులతో వ్యాపారము చేసి 2008 సెప్టెంబరు 15న దివాలా దాఖలు చేసెను. నూటయేబది యేండ్లు నిలిచిన సంస్థ కూలగా వేలకొలది యుద్యోగులు వీధిని పడిరి. కావున ఈ కొలువు ప్రభుత్వోద్యోగము వలె స్థిరమైనదని యెంచరాదు. అంగడి బాగున్న యేట జీతమును బహుమానమును పెరుగును. చెడిన యేట ఉద్యోగమే పోవచ్చును.

సత్యము కథ నేర్పిన పాఠము

ఈ వృత్తికి కావలసిన గుణమేదియో తెలిసికొనుటకు హైదరాబాదులో జరిగిన సత్యం కంప్యూటర్సు కథ చాలును. ఆ కంపెనీ 2008 చివర డి.ఎస్.పి. మెరిల్ లించ్ అను పెట్టుబడి బ్యాంకును సలహాకై నియమించెను. లెక్కలలో గొప్ప లోపములు కనబడగా ఆ బ్యాంకు కొలది దినములకే, 2009 జనవరి 6న, ఆ పని వదలుకొనెను. మఱునాడే అధ్యక్షుడు రామలింగరాజు తప్పు ఒప్పుకొనుచు లేఖ వ్రాసెను. పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆ లేఖలో తేలెను. పిమ్మట కేంద్ర ప్రభుత్వము క్రొత్త డైరెక్టర్లను నియమింపగా, వారు గోల్డ్‌మన్ సాక్స్, అవెండస్ అను బ్యాంకుల సహాయముతో కంపెనీని వేలమున కెక్కించిరి. ఏప్రిల్ నెలలో వాటా ఒక్కింటికి 58 రూపాయల చొప్పున పాడి టెక్ మహీంద్రా దానిని దక్కించుకొనెను. వేలాది యుద్యోగుల కూడు నిలిచెను.

చిట్టాలో వ్రాసినది బీరువాలో ఉన్నదా లేదా అని అడుగు ధైర్యము ఈ వృత్తికి ప్రాణము. తీయని మాటలు, మంచి దుస్తులు, ఇంగ్లీషు ఉచ్చారణ ఆ తరువాతివి.

చేరు త్రోవలు

ఇంటర్మీడియేటు ముగించిన బిడ్డకు ముఖ్యముగా మూడు త్రోవలు కలవు.

మొదటిది, పేరుగాంచిన కళాశాలలో వాణిజ్యశాస్త్రమో అర్థశాస్త్రమో చదువుట. ఢిల్లీలో 1926లో స్థాపింపబడిన శ్రీరామ్ కామర్సు కళాశాల ఇందులకు ప్రసిద్ధము. ఢిల్లీ విశ్వవిద్యాలయములోని డిగ్రీ ప్రవేశములు 2022 నుండి సి.యు.ఇ.టి. అను దేశవ్యాప్త పరీక్ష మూలమున జరుగుచున్నవి.

రెండవది, ఇంజనీరింగో మఱియొక డిగ్రీయో ముగించి, క్యాట్ పరీక్ష వ్రాసి ఐ.ఐ.ఎం. సంస్థలలో చేరుట. ఇంటర్మీడియేటు తోడనే చేరదగిన అయిదేండ్ల చదువును ఇందూరు ఐ.ఐ.ఎం. 2011లో ప్రారంభించెను. ఈ త్రోవలో పేరు గొప్పది, రుసుమును గొప్పది.

మూడవది, చార్టర్డు అకౌంటెన్సీ. ఫౌండేషను, ఇంటర్మీడియేటు, ఫైనలు అను మూడు మెట్లును, 2023లో వచ్చిన క్రొత్త పద్ధతి ప్రకారము రెండు సంవత్సరముల ఆడిటరు వద్ద శిక్షణయు దీనిలో నుండును. శిక్షణ కాలమున కొంత భృతియు వచ్చును. పరీక్షలు మిక్కిలి కఠినములు, పలువురు తప్పుదురు. అయినను ఇంటినుండియే హైదరాబాదునకు పోయివచ్చుచు చదువదగినది, భూమి జోలికి పోనక్కఱలేనిది ఈ త్రోవయే. లెక్కల పుస్తకమును లోతుగా చదువుట దీనివలన అలవడును.

ఏ త్రోవను పోయినను, చదువు నడుమ వేసవిలో కొన్ని వారములు ఏదేని సంస్థలో ఇంటర్నుగా పనిచేయుట మిక్కిలి ముఖ్యము. పెక్కు బ్యాంకులు తమ వద్ద ఇట్లు పనిచేసిన వారిలోనుండియే కొందఱిని ఏరుకొనును. చదువు ముగిసిన పిమ్మట వెదకుట ప్రారంభించువాడు అదను దాటిన పిదప విత్తు చల్లిన వానివంటివాడు.

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. గోల్డ్‌మన్ సాక్స్ 2004లో బెంగుళూరునందును 2021లో హైదరాబాదునందును కార్యాలయములు తెఱచినది. ఇంకను పలు విదేశీ బ్యాంకులకు మన నగరమున కార్యాలయములు కలవు. వీనిలోని కొలువులలో పెక్కు కంప్యూటరు పనులు, లెక్కల సరిచూపు, నష్టభయముల గణన మొదలగునవి. గౌరవమైన యుద్యోగములే. కాని కంపెనీలను అమ్మించు, కొనిపించు పని మన దేశమున ముఖ్యముగా బొంబాయిలో జరుగును. కావున ఫలాని బ్యాంకులో ఉద్యోగమని ఎవరైనను చెప్పినపుడు, ఏ పని అని తప్పక అడుగుడు. అసలు పనిలో చేరినవాడు తొలి యేండ్లలో అర్ధరాత్రి దాక కూర్చుండవలసి వచ్చుట సామాన్యము. బిడ్డ దేహస్థితియు చూచుకొనవలెను.

చదువునకును తోట వెల కట్టుడు

విదేశములలో ఒకటి రెండేండ్లు చదివిన చాలు, ఈ కొలువు దొరకునని చెప్పు దళారులు కలరు. వారి మాట వినుటకు ముందు కాగితము, కలము తీసికొనుడు. ఉదాహరణకు 40 లక్షల రూపాయలు నూటికి 11 వడ్డీకి అప్పు తెచ్చితిరనుకొందము. చదువుచున్న రెండేండ్లకు సాధారణ వడ్డీయే 8 లక్షల 80 వేలగును. అది కట్టివేసినను, అసలును పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 55,100 రూపాయలు చెల్లింపవలెను. అమెరికాలో విదేశీయులకు పని చేసికొనుటకు ఇచ్చు హెచ్-1బి అనుమతుల సాధారణ పరిమితి ఏటికి 85,000 మాత్రమే. కోరువారు అంతకంటె చాల హెచ్చుగా నుందురు. పూతను చూచి పండు లెక్కించుట ఎంత అపాయమో రైతునకు ఒకరు చెప్పవలెనా?

కళాశాల ఏదైనను చేరుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగుడు:

1. గత సంవత్సరము ఏయే సంస్థలు వచ్చి ఎందఱిని ఏ పనికి తీసికొన్నవి?

2. అత్యధిక జీతము కాదు, వరుసలో నడుమ నిలిచిన విద్యార్థి జీతమెంత?

3. వేసవి పని ఎందఱికి దొరకినది?

4. రుసుము, వసతి, భోజనము, పుస్తకములు కలిపి మొత్తమెంత? నడుమ మానినచో తిరిగి వచ్చునదెంత?

ఋణము తప్పనిచో భూమి అమ్ముటకు ముందు ఇతర మార్గములు విచారింపుడు. కేంద్ర ప్రభుత్వము 2024 నవంబరులో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము ప్రకారము, మన దేశమున ఎంపిక చేయబడిన ఉన్నత విద్యాసంస్థలలో యోగ్యతచే సీటు పొందినవారికి తాకట్టును జామీనును లేకయే బ్యాంకులు ఋణమిచ్చును. కుటుంబపు వార్షికాదాయము 8 లక్షలకు మించనివారికి, 10 లక్షల వరకు గల ఋణముపై, షరతులకు లోబడి నూటికి 3 వంతున వడ్డీ రాయితీయు కలదు.

ఇంటనే మొదలిడదగిన శిక్షణ

ఈ విద్యకు తొలి పాఠశాల మన సంఘ కార్యాలయమే. ఏటేట మహాజన సభలో చదువబడు ఆస్తి అప్పుల పట్టికను పెక్కుమంది సభ్యులు మడిచి జేబులో వేసికొందురు. ఈసారి దానిని ఇంటికి కొనిపోయి మీ కుమారునికో కుమార్తెకో ఇండు. సంఘమునకు రావలసిన బాకీలెంత, వానిలో గడువు మీరినవెంత, గోదాములో నిలువ యున్నదని చూపిన యెరువుల వెల సరియేనా, లాభమని చూపినది చేతికి వచ్చిన సొమ్మా లేక వ్రాతయందలి వడ్డీయా అని కనుగొనుమనుడు. ఆ లెక్కలను కంప్యూటరులో ఎక్సెల్ పట్టికగా వేయుమనుడు. పిమ్మట ఏదేని యొక కంపెనీ వాటాలు అమ్మునపుడు సెబీకి సమర్పించు వివరణ పత్రమును చదువుమనుడు. అవి అంతర్జాలమున ఉచితముగా దొరకును. ఇవి విసుగు లేక చదువగల బిడ్డకు ఈ వృత్తి తగును. విసుగు పుట్టినచో, లక్షలు ఖర్చు కాకమునుపే ఆ సంగతి తెలిసినందుకు సంతసింపుడు.

ఒకవేళ బొంబాయి కొలువు దొరకకపోయినను ఈ విద్య వృథా పోదు. 1956లో స్థాపింపబడిన ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు వంటి సంస్థలకును, రైతులు వాటాదారులుగా నేర్పడిన ఉత్పత్తిదారుల కంపెనీలకును లెక్క తెలిసినవారు, లెక్కలో నిజము చెప్పువారు కావలెను. పరుల కంపెనీల వెల కట్టగల బిడ్డ తన యూరి ధాన్యమునకు, తన తండ్రి భూమికి వెల కట్టలేడా?

కావున సభ్యులారా, బిడ్డల యాశను త్రుంచకుడు. లెక్క చూడక భూమిని అమ్మకుడు. రాబోవు మహాజన సభకు ఇంటర్మీడియేటు చదువుచున్న మీ బిడ్డలను వెంట తోడ్కొని రండు. పట్టిక చదువబడునపుడు వారు అడుగు ప్రశ్నలకు కార్యదర్శి జవాబు చెప్పుగాక. దానివలన బిడ్డలకు విద్యయు, సంఘమునకు మేలును కలుగును.