గడగడా చదివితే సరిపోదు

ఇంద్రావతి ఒడ్డున ఉన్న పాతగూడెం వంటి సిరోంచ తాలూకా ఊళ్లలో చాలా ఇళ్లలో మాట తెలుగు, బడి పుస్తకం మరాఠీ. పిల్లలు పాఠాన్ని గడగడా చదివేస్తారు. అర్థమైందో లేదో దాంతో తేలదు.

నది, పుస్తకం వంటి మాటలు రెండు భాషల్లోనూ ఉండటం కలిసొచ్చేదే. కొన్ని మాత్రం దారి తప్పిస్తాయి. మరాఠీలో ‘వర్ష’ అంటే ఏడాది; వానను ‘పావూస్’ అంటారు. ‘దోన్ వర్షే’ అని చదివి రెండు వానలనుకుంటే ఆ తప్పు పిల్లలది కాదు.

ఇక్కడే పుస్తకం సాయం కావాలి. బాలభారతి పుస్తకాల్లో బొమ్మలు, పాఠం చివర ‘స్వాధ్యాయ్’ ప్రశ్నలు ఉంటాయి. టీచర్లు ముందు బొమ్మ చూపించి తెలుగులో మాట్లాడించాలి, ఆ తర్వాతే చదివించాలి. ‘ఎవరు’, ‘ఎక్కడ’ ప్రశ్నలకు పాఠంలోని వాక్యాన్ని ఎత్తి రాసేయవచ్చు. ‘ఎందుకు’ అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

తల్లిదండ్రులకు మరాఠీ చదవడం రాకపోయినా ఫర్వాలేదు. ‘ఇవాళ పాఠంలో ఏం జరిగింది? మన మాటల్లో చెప్పు’ అని అన్నం దగ్గర అడిగితే చాలు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రం కృషి చేయాలని, 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణ చెబుతోంది. తరగతిలో పిల్లలతో తెలుగులో మాట్లాడించడానికి టీచర్లు వెనుకాడనక్కర్లేదు.