చెరిపే ముందు లోతు చూడండి

మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సైకిల్ రిమ్ము మీదో, ఫ్రేము మీదో, హ్యాండిల్ మీదో పెద్దపెద్ద అక్షరాల్లో మెరిసే కంపెనీ పేరు మందం కూడా ఇంచుమించు అంతే. చాలాసార్లు అంతకన్నా తక్కువే. అయినా ఒక పేరు గోటికే లేచి వస్తుంది, ఇంకొకటి గంటసేపు రుద్దినా చెక్కుచెదరదు. అది ఏ పొరలో ఉందో దాన్నిబట్టే ఈ తేడా. అందుకని ముందుగా అక్షరం అంచు మీదుగా గోరు నడిపి చూడండి. గోరు తట్టుకుంటే అక్షరం పైపొరలో ఉన్నట్టు. తట్టుకోకపోతే వార్నిష్ కిందైనా ఉండాలి, లోహంలోనైనా ఉండాలి.

50 నుంచి 100 మైక్రాన్లు: స్టిక్కర్

గోటికి బాగా తగిలేది వినైల్ స్టిక్కర్. హెయిర్ డ్రయ్యర్‌తో ఒకటి రెండు నిమిషాలు వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది. ఒక మూల లేపి, వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగాలి. త్వరగా అవుతుందని హీట్ గన్ పట్టుకోవద్దు. దాని వేడి 500 డిగ్రీలు దాటగలదు. కార్బన్ భాగాల్లో పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ చాలావరకు 100 నుంచి 150 డిగ్రీల మధ్యే మెత్తబడడం మొదలవుతుంది.

మిగిలిన జిగురుకు కొబ్బరినూనె చాలు. కాసేపు నాననిచ్చి, తుడిచి, సబ్బునీళ్లతో కడగండి. బ్రేకు రబ్బర్లు ఒరుసుకునే చోటికి మాత్రం నూనె అంటనివ్వకండి. పాత సైకిలైతే స్టిక్కర్ పోయినా పేరు నీడలా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న రంగు ఏళ్ల తరబడి ఎండకు వెలిసింది, స్టిక్కర్ కిందిది వెలవలేదు. ఆ నీడ తేలిగ్గా పోదు.

10 మైక్రాన్ల లోపు: సిరా ముద్ర

సీటును మోసే సీట్ పోస్ట్, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ లాంటి అల్యూమినియం భాగాల మీద నేరుగా ముద్రించిన సిరా పొర చాలా పల్చన. గోటికి తగిలీ తగలనట్టు ఉంటుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్దండి. లొంగకపోతే ఎసిటోన్. ఎసిటోన్ 56 డిగ్రీలకే మరుగుతుంది, మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా దాని ఆవిరి అంటుకోగలదు. పైగా ఆ ఆవిరి గాలికన్నా రెండింతలు బరువు, నేలబారునే పేరుకుంటుంది. మన మే నెల 45 డిగ్రీల ఎండలో గుడ్డ మీద పోసింది పోసినట్టే ఎగిరిపోతుంది. కాబట్టి తెల్లవారుజామున, గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా చేయాల్సిన పని ఇది. పెయింటు వేసిన భాగాలకూ, ప్లాస్టిక్‌కూ ఎసిటోన్ తగలనివ్వకూడదు, పెయింటూ చాలా రకాల ప్లాస్టిక్కూ దెబ్బతింటాయి.

30 నుంచి 50 మైక్రాన్లు: వార్నిష్ కింది పేరు

కార్బన్ ఫ్రేముల మీద పేరు తరచూ పారదర్శకమైన వార్నిష్ కింద ఉంటుంది. దీనికి వాటర్‌పేపర్ తప్ప దారి లేదు. 400 నంబరు కాగితం రేణువు సుమారు 35 మైక్రాన్లు, అంటే దాదాపు వార్నిష్ మందమంత. 1000 నంబరుది 18, 2000 నంబరుది 10. అందుకే 1000తో మొదలుపెట్టి 2000తో ముగించడం క్షేమం. కాగితం ఎప్పుడూ తడిగా ఉండాలి, చేతికి గ్లవుజులు, ముఖానికి మాస్కు ఉండాలి.

కారే నీళ్లను చూస్తూ రుద్దండి. తెల్లగా ఉన్నంతసేపూ పోయేది వార్నిష్. రంగు దిగితే పేరు దాకా వచ్చినట్టు. కార్బన్ భాగం మీద రుద్దుతుంటే నల్లగా దిగిందా, అక్కడితో ఆపేయండి. తెగుతున్నవి 5 నుంచి 7 మైక్రాన్ల లావున్న కార్బన్ పోగులు కావచ్చు. భాగానికి బలమంతా వాటిదే. తర్వాత కొత్తగా వార్నిష్ వేయాలి. అన్నట్టు, వారంటీ ఉన్న ఫ్రేమును ఇలా రుద్దితే ఆ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు.

5 నుంచి 25 మైక్రాన్లు: లోహంలో కలిసిన పేరు

నల్లటి అల్యూమినియం మీద వెండిలా మెరుస్తూ, గోటికి అసలు తగలని అక్షరాలు సాధారణంగా లేజర్‌వి. ఆనోడైజింగ్ పొరలోని నల్లరంగును కాల్చేయగా బయటపడిన తెలుపది. తుడవడానికి అక్కడ సిరా లేదు. ఆ పొరనే తీసేయాలంటే కాస్టిక్ సోడా కావాలి. అది అల్యూమినియాన్నీ తినేస్తుంది, మండే హైడ్రోజన్‌నీ వదులుతుంది. ఇంట్లో చేసే పని కాదు. నల్ల టేపు ముక్క అతికించుకుంటే సరి.

54.4 మిల్లీమీటర్లు: చెరపకూడని గీత

సీట్ పోస్ట్ కనీసం ఎంత లోపలికి దిగాలో చెప్పే గీత ఒకటి దాని మీద ఉంటుంది. అమెరికా భద్రతా నిబంధనల ప్రకారం ఆ గీత అడుగు నుంచి కనీసం పోస్ట్ వ్యాసానికి రెండింతల దూరంలో ఉండాలి. 27.2 మిల్లీమీటర్ల పోస్ట్‌కైతే అది 54.4. ఫోర్కు గొట్టంలోకి దించే పాతరకం స్టెమ్‌కు రెండున్నర రెట్లు. 22.2 మిల్లీమీటర్లదైతే 55.5. స్టెమ్ మీద బోల్టు బిగింపు చెప్పే అంకె, ఫ్రేము కింద సీరియల్ నంబరు కూడా ఈ కోవలోవే. గుడ్డ తడిపే ముందే వీటి మీద మాస్కింగ్ టేపు అతికించండి.