గోడలు కడుగు విద్య

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన సామెత. ఆ చూపు గడప దాటి వంటింటి వరకు పోవునే గాని, ఇంటి వెలుపలి గోడలపై నిలుచుట అరుదు. లోపలి గచ్చు దినదినము తుడువబడును. వెలుపలి గోడ మాత్రము ఎండకు ఎండుచు, వానకు తడియుచు, దుమ్మును పొగను నాచును భరించుచు ఏండ్ల తరబడి అట్లే నిలిచియుండును. కొన్ని దేశములలో ఈ గోడలను కడుగుటయే ఒక వృత్తి. బండిపై నీటి తొట్టియు, యంత్రమును, పొడవైన రబ్బరు గొట్టములును వేసికొని ఇంటింటికి పోయి గోడలు కడిగి జీవించువారు అమెరికాలోని అనేక పట్టణములలో కలరు.

ఈ పని చూచుటకు మిక్కిలి సులభముగా తోచును. నీరు కలదు, బలమైన యంత్రము కలదు. గట్టిగా కొట్టినచో మురికి పోక ఏమగును? కాని ఈ వృత్తిలో ఆరితేరినవారు మొదట నేర్చునది కొట్టుటను గాదు, ఆగుటను. గోడకును చర్మము వంటిది ఒకటి కలదు. మురికితోపాటు ఆ చర్మమును ఊడగొట్టినచో దానిని మరల తెచ్చుట ఎవరి తరమును గాదు. కావున గోడ కడుగుట బలమునకు సంబంధించిన పని గాదు. అది ఎరుకకు సంబంధించిన పని.

మురికిలో జాతులు

మురికి యను మాట ఒకటియే అయినను వస్తువు ఒకటి గాదు. ఎండ తగులని ఉత్తరపు గోడపై ఆకుపచ్చగా పరచుకొనునది నాచు. అది ప్రాణము గలది. నల్లని చుక్కలుగా కన్పించునది బూజు. అదియు ప్రాణము గలదే. ఇనుప చువ్వల క్రింద ఎఱ్ఱని చారలుగా దిగునది త్రుప్పు. ఇటుక గోడపై తెల్లని పొడి వలె పొంగునది లవణము. గోడలోని తేమ వెలుపలికి వచ్చి ఆవిరి కాగా మిగిలిన ఉప్పు అది. బొగ్గు పొగలోని మసి వేఱు, బాటసారుల బండ్లు లేపు ధూళి వేఱు.

రోగ మెఱుగని వైద్యము ఎట్టిదో, మురికి నెఱుగక గోడ కడుగుట అట్టిది. నాచును నీటితో కొట్టినచో పైపొర పోవును. గోడ రంధ్రములలోని మొలక మిగిలి మరల పెరుగును. ఉప్పు పొంగిన గోడకు నీరు మెండుగా పోసినచో తేమ హెచ్చి, మరునాటికి మరింత ఉప్పు పైకి వచ్చును. అచ్చట మొదట పొడి కుంచెతో దులిపి, తేమ ఎచ్చటినుండి వచ్చుచున్నదో వెదకవలెను.

యంత్రమును దాని మూతియును

జర్మనీ దేశమున విన్నెండెన్ పట్టణమునకు చెందిన కార్చర్ సంస్థ 1950లో వేడినీటిని అధిక పీడనముతో చిమ్ము యంత్రమును తయారుచేసినది. ఐరోపాలో ఆ తరహా యంత్రములకు అదియే మొదటిది. నేటి యంత్రములలో చిన్నవి సుమారు 100 బార్ల పీడనమును, పెద్దవి 200 బార్లకు మించియు ఈయగలవు. ఇంటి కొళాయిలో ఉండునది రెండు మూడు బార్లు మాత్రమే. భౌతికశాస్త్రపు లెక్క ప్రకారము 100 బార్ల పీడనముతో వెడలు నీటి వేగము సెకనుకు సుమారు 140 మీటర్లు. అనగా గంటకు 500 కిలోమీటర్లు. పీడనమును రెట్టింపు చేసినచో వేగము రెట్టింపు కాదు. వర్గమూలము చొప్పున పెరిగి సెకనుకు 200 మీటర్లగును. పాఠశాలలో చదివిన సూత్రము ఇట్లు గోడపై కన్పట్టును.

అయితే పనివాని నైపుణ్యము యంత్రములో లేదు. గొట్టపు చివర తగిలించు నాజిల్‌లో నున్నది. ఈ నాజిళ్లకు రంగుల గుర్తులు కలవు. ఎఱ్ఱనిది నీటిని సూటిగా ఒకే ధారగా చిమ్మును. పసుపుపచ్చనిది 15 డిగ్రీలు, ఆకుపచ్చనిది 25 డిగ్రీలు, తెల్లనిది 40 డిగ్రీల మేరకు విసనకఱ్ఱ వలె విప్పును. నల్లనిది సబ్బునీరు చల్లుటకు. గోడకు 30 సెంటీమీటర్ల దూరమున నిలిపినచో 15 డిగ్రీల జల్లు 8 సెంటీమీటర్ల వెడల్పున పడును. 40 డిగ్రీల జల్లు 22 సెంటీమీటర్లకు వ్యాపించును. అదే నీరు, అదే బలము. కాని దెబ్బ మూడవ వంతునకు తగ్గును. ఎఱ్ఱని నాజిల్‌ను ఇంటి గోడపై ప్రయోగించుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము. అది చెక్కను చీల్చును, ఇటుకల నడిమి సున్నమును త్రవ్వును, కిటికీ సందులనుండి లోనికి చొచ్చును.

మనుష్యునకును దానివలన అపాయము కలదు. ఆ ధార చేతి చర్మమును చీల్చి లోపలికి చొరగలదు. పైకి చిన్న గాటు వలె కన్పించినను, అది వెంటనే శస్త్రవైద్యునకు చూపవలసిన గాయము. నిచ్చెనపై నిలిచి మీట నొక్కినచో ఎదురు తోపుడు మనుష్యుని వెనుకకు పడవేయగలదు. అందుచేతనే వివేకులు నేలపై నిలిచి పొడవైన కఱ్ఱ గొట్టమునకు తగిలించి పనిచేయుదురు.

మందు వేసి వేచియుండుట

అమెరికాలోని ఇండ్లు పెక్కు చెక్క పలకలతోను, వినైల్ పలకలతోను కప్పబడినవి. ఆ పలకలు చేపపొలుసుల వలె ఒకదానిపై నొకటి దిగియుండును. వాన పైనుండి పడును గనుక లోనికి పోదు. క్రిందినుండి పైకి నీటిని కొట్టినచో పలక వెనుకకు చేరి, చెక్క కుళ్లును. ఇట్టి ఇండ్లకు మెత్తని కడుగు పద్ధతి వాడుకకు వచ్చినది. కొళాయి ధార కంటె మిక్కిలి ఎక్కువ కాని ఒత్తిడితో సోడియం హైపోక్లోరైట్ ద్రావణమును, కొంచెము సబ్బును కలిపి చల్లుదురు. బావులలో చల్లు బ్లీచింగ్ పౌడరునకు ఇది దగ్గరి చుట్టము. అంగడిలో 10, 12 శాతముల బలముతో దొరకు ద్రావణము గోడను చేరునప్పటికి సుమారు ఒక శాతమునకు పలుచనగును.

దీనికొక క్రమము కలదు. మొదట చుట్టునున్న మొక్కలను నీటితో బాగుగా తడుపుదురు. దాహము తీరిన వేళ్లు మందునీటిని అంతగా పీల్చవు. పిదప మందును గోడ అడుగునుండి పైకి చల్లుదురు. పైనుండి మొదలిడినచో పొడి గోడపై చారలు దిగి, ఆ చారలు మచ్చలుగా నిలుచును. అటుపై అయిదు పది నిమిషములు ఊరకుందురు. నాచు చచ్చి రంగు మారుట కంటికి కన్పించును. మందు ఆరకమునుపే మంచినీటితో పైనుండి క్రిందికి కడుగుదురు. ఎక్కుట అడుగునుండి, దిగుట పైనుండి. ఈ ద్రావణముతో ఆమ్లమును కలుపరాదు; కలిపినచో విషవాయువగు క్లోరిన్ పుట్టును.

ఇంకొక జాగ్రత్త. ఆ దేశమున 1978లో ఇండ్లకు సీసపు రంగులు నిషేధింపబడినవి. అంతకు పూర్వపు ఇంటిని బలమైన ధారతో కొట్టినచో సీసము కలిసిన రంగు పెళ్లలు పిల్లలాడుకొను నేలపై రాలును. గోడ శుభ్రమగును, పెరడు విషమగును.

రెండు దేశముల అనుభవము

ప్యారిస్ నగరమున 1852 నాటి శాసనమే ఇంటి ముఖభాగములను పదేండ్ల కొకసారియైనను గీకించి యో, రంగు వేయించి యో శుభ్రముగా నుంచవలెనని విధించినది. అయినను బొగ్గు పొగ నగరమును నల్లబరచినది. 1959లో సాంస్కృతిక మంత్రియైన ఆంద్రే మాల్రో కాలమున ఆ నల్లని భవనములు మరల కడుగబడి, సున్నపురాతి సహజమైన లేత వన్నె బయటపడినది.

ఇచ్చట రసాయనశాస్త్రము తోడ్పడును. పొగలోని గంధకము తేమతో కలిసి సున్నపురాతిని జిప్సముగా మార్చును; ఆ జిప్సము మసిని పట్టి నల్లని పెచ్చుగా గట్టిపడును. వాన సూటిగా పడు చోట రాయి తెల్లగాను, చూరు నీడలో నల్లగాను ఉండుటకు కారణమిదియే. జిప్సము నీటిలో లీటరునకు రెండు గ్రాముల వంతున కరుగును. కావున సన్నని తుంపరను గంటల తరబడి పడనిచ్చి, మెత్తబడిన పెచ్చును కుంచెతో తీయవచ్చును. బలము చేయజాలని పనిని కాలము చేయును.

స్కాట్లండు అనుభవము వేఱు. గ్లాస్గో, ఎడిన్‌బరో నగరముల అంతస్తుల ఇండ్లు ఇసుకరాతివి. ఆ రాతిపై మసి నీటికి లొంగదు. 1952లో లండనున ప్రాణములు తీసిన పొగమంచు తరువాత 1956లో స్వచ్ఛవాయు శాసనము వచ్చి, పొగ తగ్గి, పాత మసిని వదల్చవలెనన్న కోరిక పెరిగినది. కొందఱు ఇసుకను గాలితో చిమ్మి రాతిని గీచిరి; కొందఱు తీవ్రమైన ఆమ్లములు పూసిరి. మసితోపాటు శిల్పి ఉలి గుర్తులును, చెక్కడపు అంచులును పోయినవి. గరుకుబారిన రాయి తేమను ఎక్కువగా పట్టి, పెక్కు చోట్ల నాచునకు నెలవైనది. నలుపును పోగొట్టబోయి పచ్చదనమును తెచ్చుకొన్నట్లయినది.

మన దేశమునను ఓర్పుతో కూడిన పద్ధతి ఒకటి కలదు. తాజమహలు పాలరాతిపై పసుపు వన్నె తేలినప్పుడు, 1994 మొదలుకొని పురావస్తుశాఖవారు పలుమారులు ముల్తానీ మట్టి పూత వేయించిరి. పలుచగా పూసిన మట్టి ఎండుచు రాతిలోని మలినమును తనలోనికి పీల్చుకొనును. ఎండిన పిదప నీటితో కడిగివేయుదురు. ముఖమునకు పూసికొను మట్టియే రాతికిని పనికివచ్చినది.

వెల్ల వేసిన గోడ

తెలుగునాట పాత ఇండ్లకు కడుగుటకు మారు వెల్ల ఉండెడిది. పండుగకు ముందు గోడను గీకి, సున్నము కలిపి, నార కుంచెతో వేసెడివారు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల సున్నపురాయిగా మారును. దాని క్షారగుణము బూజును పెరుగనీయదు. అనగా పాత చర్మముపై ఏటేట క్రొత్త చర్మమును కప్పుట. అట్టి సున్నపు గోడలు నేటికిని పల్లెలలో అచ్చటచ్చట నిలిచియున్నవి. వానిపై నేటి జలయంత్రమును తిప్పినచో కొన్ని నిమిషములలో తరముల పూతలన్నియు కాలువ పాలగును.

అందుచేత మంచి పనివాడు ఇంటికి వచ్చిన వెంటనే యంత్రమును నడుపడు. గోడను చేతితో తడవి చూచును, గోటితో గీచి చూచును. ఎవరి కంటను పడని ఒక మూల జానెడు మేర మాత్రము కడిగి, ఆరునంతవరకు వేచియుండును. ఆ జానెడు చోటు ఏమి చెప్పునో దానినిబట్టి తక్కిన గోడ గతి నిర్ణయమగును. ఆ ఓపిక లేనివాని చేతిలో ఎంత గొప్ప యంత్రమున్నను, ఇంటికి మురికి కంటె వానివలననే ముప్పు.