జ్వరంతో విమానం ఎక్కవచ్చా?

కెనడాలో టొరంటోకు ఉత్తరాన ఆనుకుని ఉన్న మార్కమ్ నుంచి హైదరాబాదుకో విజయవాడకో వెళ్లే తెలుగు కుటుంబాల ప్రయాణం టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో మొదలై, దారిలో విమానాలు మారుతూ, దాదాపు ఒక రోజు సాగుతుంది. నెలల ముందే టికెట్లు కొని, సెలవులు కుదుర్చుకుని, ముహూర్తాలకు తగ్గట్టు తేదీలు ఖాయం చేసుకున్నాక, తీరా బయలుదేరే వేళకు జ్వరం తగిలితే, వెళ్లడమా మానడమా అన్నది చాలాసార్లు టికెట్టు ధరే నిర్ణయిస్తుంది. నిజానికి దాన్ని తేల్చవలసినవి రోగి శరీరస్థితి, తోటి ప్రయాణికుల క్షేమం.

మార్కమ్ చూసిన 2003

ఊపిరితిత్తులను తీవ్రంగా దెబ్బతీసే కరోనా జాతి వైరస్ వ్యాధి సార్స్, 2003 ఫిబ్రవరిలో హాంకాంగ్ నుంచి విమానంలో తిరిగివచ్చిన ఒక ప్రయాణికురాలి ద్వారా టొరంటోలో ప్రవేశించి, కెనడాలో 44 మంది ప్రాణాలు తీసింది. మే నెలాఖరున మార్కమ్‌లోని ఫాదర్ మైకేల్ మెక్‌గివ్నీ పాఠశాలలో ఒక విద్యార్థికి లక్షణాలు కనిపించగా, బడి మూసి, సుమారు 1,700 మంది విద్యార్థులనూ సిబ్బందినీ ఇళ్లలో విడిగా ఉండమన్నారు. అదే ఏడాది మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్‌కు మూడు గంటలు ప్రయాణించిన విమానంలో, జబ్బుతోనే ఎక్కిన ఒక్క వ్యక్తి నుంచి 22 మందికి సార్స్ సోకి ఉండవచ్చని తరువాతి పరిశోధన అంచనా వేసింది. ఈ అనుభవాల తరువాత కెనడా 2005లో కొత్త క్వారంటీన్ చట్టం చేసి, జాబితాలోని అంటువ్యాధి తనకున్నదని అనుమానం కలిగిన ప్రయాణికుడు ఆ సంగతి అధికారికి తెలపడం తప్పనిసరి చేసింది.

ఆకాశంలో శరీరం

విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి పీడనాన్ని 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉండే స్థాయిలో, అంటే ఇంచుమించు ఊటీలో ఉన్నట్టుగా ఉంచుతారు. అక్కడి తక్కువ ఆక్సిజన్‌ను ఆరోగ్యవంతుడు సులభంగా తట్టుకుంటాడు గాని, న్యుమోనియా, తీవ్ర రక్తహీనత, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం కావచ్చు. జలుబు చేసినప్పుడు మధ్యచెవిని గొంతు వెనుక భాగంతో కలిపే యూస్టేషియన్ నాళం వాచి మూసుకుపోతే, విమానం కిందికి దిగేటప్పుడు పీడనం సమం కాక, కర్ణభేరి లోపలికి గుంజుకుపోయి తీవ్రమైన నొప్పి పుడుతుంది, ఒక్కోసారి చిల్లు కూడా పడుతుంది. సూక్ష్మకణాలను పట్టి ఉంచే హెపా ఫిల్టర్లు గాలిని బాగానే వడకడతాయి, అయితే పక్క సీటులో దగ్గినవారి తుంపరలు ఫిల్టరును చేరకముందే పొరుగువారిని చేరగలవు.

ఎప్పుడు ఆగాలి?

జ్వరం, ఆగని దగ్గు, వాంతులు, విరేచనాలు, ఒంటిమీద దద్దురుతో కూడిన జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే ప్రయాణం వాయిదా వేసి వైద్యుణ్ణి కలవాలి. పారాసిటమాల్ థర్మామీటరు అంకెను దించుతుందే గాని అంటించే గుణాన్ని తగ్గించదు కాబట్టి, మందు లేకుండా కనీసం 24 గంటలు జ్వరం రాకుండా ఉన్నాకనే బయలుదేరడం మేలు. జలుబు స్వల్పంగా ఉండి చెవులు దిబ్బడ వేయకపోతే మాస్కు పెట్టుకుని వెళ్లవచ్చు. ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు ముందుగానే విమానసంస్థను సంప్రదించి, అది అడిగితే వైద్యుడు నింపిన ఆరోగ్య వివరాల పత్రాన్ని ఇవ్వాలి.

ఆరోగ్యంగా ఉన్నప్పుడే ప్రయాణ రద్దు బీమా తీసుకోవడం, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు కొనడం, శుభకార్యానికి నాలుగు రోజుల ముందే చేరేలా తేదీలు పెట్టుకోవడం వల్ల ఆగడం తేలికవుతుంది. అవతలి ఇంట ఎదురుచూసేది ఎక్కువగా వృద్ధులు, పసిపిల్లలు. జబ్బు గట్టిగా దెబ్బతీసేది వారినే. అందుచేత "తగ్గాకే రండి" అనే మాట ఊళ్లోని పెద్దలే ముందుగా అనాలి, ఆ మాటను ఇక్కడివారు మన్నించాలి.