సంపదకు కొలబద్ద

2025 ఏప్రిల్‌లో అమెరికా సంయుక్త రాష్ట్రాల నుండి వెలువడిన ఒక ప్రకటన లోకాన్ని ఆశ్చర్యపరచింది. కాలిఫోర్నియా ఒక ప్రత్యేక దేశమే అయితే, ఆర్థిక పరిమాణంలో ప్రపంచంలో నాల్గవ స్థానం దానిదేనని ఆ రాష్ట్ర గవర్నరు ప్రకటించారు. 2024వ సంవత్సరానికి ఆనాడు వెల్లడైన లెక్కల ప్రకారం కాలిఫోర్నియా ఉత్పత్తి విలువ 4.10 లక్షల కోట్ల డాలర్లు. జపాను ఉత్పత్తి విలువ 4.02 లక్షల కోట్ల డాలర్లు. అమెరికా, చైనా, జర్మనీల తరువాత ఒక రాష్ట్రం వచ్చి నిలిచింది. దాని జనాభా నాలుగు కోట్ల లోపే. జపాను జనాభా పన్నెండు కోట్లకు పైబడినది. ఈ వరుసలో మొదటి స్థానంలో ఉన్న అమెరికా లెక్కలో కాలిఫోర్నియా కూడా కలిసే ఉన్నదన్న సంగతి చాలామంది గమనించలేదు. ఆ రాష్ట్రాన్ని తీసివేసినా అమెరికా మొదటి స్థానం చెక్కుచెదరదు. అది వేరే విషయం.

ఒక ప్రాంతపు హద్దులలో ఒక సంవత్సర కాలంలో ఉత్పత్తి అయిన వస్తువులు, సేవల అంతిమ విలువల మొత్తాన్ని దేశానికైతే స్థూల దేశీయోత్పత్తి అనీ, రాష్ట్రానికైతే స్థూల రాష్ట్రోత్పత్తి అనీ వ్యవహరిస్తారు. రెండింటినీ లెక్కించే పద్ధతి ఇంచుమించు ఒకటే. కాబట్టి రాష్ట్రాన్ని దేశం సరసన నిలబెట్టడంలో గణితపరమైన దోషమేమీ లేదు. చిక్కంతా కొలబద్దలో ఉన్నది.

కాలిఫోర్నియా లెక్క మొదటి నుండి డాలర్లలోనే ఉంటుంది. జపాను లెక్క యెన్‌లలో తయారవుతుంది. దానిని ఆ యేటి మారకపు రేటుతో డాలర్లలోకి మార్చుకోవాలి. 2012లో ఒక డాలరుకు సుమారు 80 యెన్‌లు వచ్చేవి. ఆ యేట జపాను ఉత్పత్తి సుమారు 500 లక్షల కోట్ల యెన్‌లు; అంటే 6.2 లక్షల కోట్ల డాలర్లకు పైమాటే. 2024 నాటికి ఉత్పత్తి 600 లక్షల కోట్ల యెన్‌లను దాటింది. అయినా డాలర్లలో చూస్తే అది నాలుగు లక్షల కోట్లకు కుంచించుకుపోయింది. కారణం, అప్పటికి డాలరు విలువ 150 యెన్‌ల దాకా ఎగబాకడమే. స్వదేశపు లెక్కలో పెరిగిన సంపద పరదేశపు లెక్కలో మూడవ వంతు తరిగిపోయింది. ఆ పన్నెండేళ్ళలో జపానులో కర్మాగారాలు మూతపడి పంటలు మాడిపోయాయా? లేదు. 2012 నాటి మారకపు రేటే నిలిచి ఉంటే జపాను విలువ ఏడు లక్షల కోట్ల డాలర్లను మించి ఉండేది. అప్పుడు కాలిఫోర్నియా దాని దరిదాపులకు కూడా వచ్చేది కాదు. నాల్గవ స్థానం దక్కడంలో కాలిఫోర్నియా శ్రమకు ఎంత పాత్ర ఉన్నదో, యెన్ పతనానికి అంతకు తక్కువ పాత్రేమీ లేదు.

ఈ చిక్కును తప్పించుకొనడానికి ఆర్థికవేత్తలు కొనుగోలు శక్తి ప్రాతిపదికను వాడతారు. ఒకే రకమైన వస్తుసముదాయాన్ని ఆయా దేశాలలో కొనడానికి ఎంత సొమ్ము కావలసి వస్తుందో చూచి, దానిని బట్టి విలువ కడతారు. ఈ కొలతలో 2024 నాటి జపాను ఆరు లక్షల కోట్ల డాలర్లను దాటి, కాలిఫోర్నియా కంటే ఎంతో పైన నిలుస్తుంది. పైగా కాలిఫోర్నియాలో ధరలు అమెరికా సగటు కంటే పది శాతానికి పైగా ఎక్కువ. ఇంటి అద్దెల సంగతి చెప్పనక్కరలేదు. తెలుగు యువతీయువకులెందరో కొలువులు చేస్తున్న సిలికాన్ వ్యాలీలో జీతం ఎంత పెద్దదో, దానిని మింగివేసే ఇంటి ఖర్చూ అంత పెద్దదే.

పరిమాణం సమానమైనంత మాత్రాన అధికారం సమానం కాదు. జపానుకు సొంత నాణెం, సొంత కేంద్ర బ్యాంకు, సొంత సుంకాల విధానం ఉన్నాయి. కష్టకాలంలో వడ్డీరేట్లను సవరించుకొనగలదు. కాలిఫోర్నియాకు ఆ వెసులుబాటు లేదు. 2009 నాటికే అది ప్రపంచపు మొదటి పది ఆర్థిక వ్యవస్థలతో తులతూగుతున్నదని చెప్పుకొనేవారు. అయినా ఆ యేడు జూలైలో ఖజానాలో నగదు అడుగంటి, పన్ను వాపసు రావలసిన పౌరులకూ, సరుకులు సరఫరా చేసిన వ్యాపారులకూ ప్రభుత్వం సొమ్ముకు బదులు ‘తరువాత చెల్లిస్తాము’ అనే హామీ పత్రాలను ఇవ్వవలసి వచ్చింది. నోట్లు అచ్చువేసే యంత్రం మరొకరి చేతిలో ఉన్నప్పుడు ఎంతటి సంపన్న రాష్ట్రమైనా జీతగాని వలె నెల తిరగడానికి ఎదురుచూడవలసిందే.

హద్దులు ఎక్కడ గీస్తే పరిమాణం అక్కడికే ఆగుతుంది. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలుగా విడిపోయినప్పుడు, హైదరాబాదు ఉత్పత్తి అంతా తెలంగాణ ఖాతాలోకి చేరింది. ముందురోజు పనిచేసిన మనుషులే మరునాడూ పనిచేశారు. కానీ ఆంధ్రప్రదేశ్ అనే పేరు ఎదుట ఉన్న సంఖ్య మాత్రం ఒక్క రాత్రిలో తగ్గిపోయింది. దీనికంటే విచిత్రమైనది ఐర్లాండు కథ. కొన్ని బహుళజాతి సంస్థలు తమ ఆస్తులను కాగితాల మీద అక్కడికి తరలించుకొనగా, 2015లో ఆ దేశపు ఉత్పత్తి ఒకే యేడాదిలో సుమారు నాల్గవ వంతు పెరిగినట్లు తేలింది. ఆ లెక్కతో ప్రజల బ్రతుకులకు పొంతన కుదరక, ఆ దేశ గణాంక శాఖ సవరించిన మరొక కొలమానాన్ని రూపొందించుకొనవలసి వచ్చింది.

మన దేశపు రాష్ట్రాలకు కూడా ఇటువంటి పోలికలు జరిగాయి. 2011లో ‘ది ఎకనమిస్ట్’ పత్రిక భారతీయ రాష్ట్రాలను ఇతర దేశాలతో జతపరచుతూ ఒక పటాన్ని ప్రచురించింది. అందులో ఉత్తరప్రదేశ్ జనాభాలో బ్రెజిల్‌కు సాటి. మొత్తం ఉత్పత్తిలో ఖతార్‌కు సాటి. తలసరి ఉత్పత్తిలో కెన్యాకు సాటి. ఒకే రాష్ట్రానికి మూడు ఖండాలలో ముగ్గురు తోబుట్టువులు! అప్పటికి ఇరవై లక్షల జనాభా కూడా లేని ఖతార్ పండించుకున్నంత సంపదను ఇరవై కోట్ల మంది పంచుకోవలసి వచ్చిందని గ్రహించినప్పుడే ఆ పటం మాట్లాడడం మొదలుపెడుతుంది.

కాలిఫోర్నియా విషయంలోనూ అంతే. 2024 జనవరిలో జరిపిన లెక్కింపులో అమెరికా అంతటా తలదాచుకొనడానికి ఇల్లు లేనివారు సుమారు 7 లక్షల 70 వేల మంది ఉన్నట్లు తేలగా, వారిలో 1 లక్ష 87 వేల మంది ఈ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నారు. దేశ జనాభాలో ఎనిమిదవ వంతు కూడా లేని రాష్ట్రంలో, దేశంలోని నిరాశ్రయులలో ఇంచుమించు నాల్గవ వంతు!

ప్రాంతాల వారీగా సంపదను లెక్కించి దేశపు స్థితిని తేల్చే ప్రయత్నం మన గడ్డ మీద నూటయాభై ఏళ్ళ క్రితమే జరిగింది. 1876లో దాదాభాయి నౌరోజీ భారతదేశపు పేదరికం గురించి ఒక వ్యాసం చదివారు. అప్పటి కోస్తాంధ్ర జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాజధానితో సహా బ్రిటిషు ఇండియాలోని ఒక్కొక్క రాష్ట్రంలో ఎన్ని ఎకరాలు సాగయ్యాయో, ఎకరాకు ఎంత పండిందో, దాని ధర ఎంతో ప్రభుత్వ నివేదికల నుండే ఏరి, గుణించి, కూడి చూపారు. ఇతర ఉత్పత్తులను కూడా కలుపుకొని మొత్తం 340 కోట్ల రూపాయలు. జనం 17 కోట్లు. తలకు యేడాదికి 20 రూపాయలు. ఆయన ఆ మొత్తాన్ని ఏ దేశంతోనో పోల్చి ఊరుకోలేదు. ప్రభుత్వం తన జైళ్ళలో ఒక్కొక్క ఖైదీ తిండికీ బట్టకూ ఎంత ఖర్చు చేస్తున్నదో లెక్క తీసి, ఆ ఇరవై రూపాయల పక్కన ఉంచారు. ఖైదీ మీద పెట్టే ఖర్చే ఎక్కువ.